వంద డిగ్రీల దగ్గర గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్: ప్రాజెక్టు డైరీ

జూన్, చివరి వారం

ఈ ఏడాది ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నా దగ్గర ఇద్దరు చేరారు. ఇద్దరికీ కలిపి ఒకే పని అప్పగించాను. మరిగే నీళ్లంత వేడిలో బతికే సూక్ష్మజీవుల నుంచి ఒకే ఎంజైమ్‌ను ఎంచుకుని, దాని రకరకాల రూపాలను పక్కపక్కన పెట్టి చూడాలి. కనిపించే తేడాల్లో ఏవి వేడి వల్ల వచ్చాయో, ఏవి కేవలం వంశం వల్ల వచ్చాయో విడదీయాలి.

మొదటి సగం ఎవరైనా చేస్తారు. సీక్వెన్స్‌లు (ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను అక్షరాల్లో రాసినవి) డౌన్‌లోడ్ చేసి, అలైన్ చేసి (ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేర్చి), "వేడి జీవుల్లో ఆవేశమున్న అమైనో ఆమ్లాలు ఎక్కువ" అని రాసి చేతులు దులుపుకునే రిపోర్టులు మూల్యాంకనానికి ఏటా వస్తూనే ఉంటాయి. సముద్రపు వేడి ఊటల్లోని ఆర్కియాను (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వంశానికి చెందిన సూక్ష్మజీవులను) తెచ్చి మన పేగుల్లోని బ్యాక్టీరియా పక్కన నిలబెట్టి, కనిపించిన ప్రతి తేడానూ వేడి ఖాతాలో వేసేస్తారు. ఆ రెండింటి పూర్వీకులు విడిపోయి వందల కోట్ల ఏళ్లయింది. అంత కాలంలో ఉష్ణోగ్రతతో ఏ సంబంధమూ లేకుండా మారినవి ఎన్నో ఉంటాయి. అందుకే ఎవరిని ఎవరితో పోల్చాలన్నది తేలేదాకా ఒక్క గ్రాఫు కూడా గీయవద్దని పిల్లలకు ముందే చెప్పాను.

ఎంజైమ్ విషయంలో మొదట సిట్రేట్ సింథేజ్ అనుకున్నాం. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం వాళ్లు అంటార్కిటికా బ్యాక్టీరియా నుంచి మరిగే వేడిలో బతికే ఆర్కియా పైరోకాకస్ దాకా దాన్ని చక్కగా పోల్చి పెట్టారు. కానీ మేము చివరికి గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్‌ దగ్గర ఆగాం. గ్లుటమేట్‌ను ఆల్ఫా కీటోగ్లుటరేట్‌గా, అమ్మోనియాగా విడగొట్టేదీ, అవసరమైతే ఆ రెంటినీ తిరిగి కలిపేదీ ఇదే. కణంలో కార్బన్ దారి, నైట్రోజన్ దారి కలిసే కూడలిలో ఇది ఉంటుంది. పైరోకాకస్ ఫ్యూరియోసస్ కణంలోని ప్రోటీన్‌లో 20 శాతం దాకా ఈ ఒక్క ఎంజైమే ఉండవచ్చని తొలిసారి శుద్ధి చేసినవాళ్లే రాశారు. దీనికి అంతకంటే పెద్ద ఆకర్షణ ఇంకొకటి ఉంది. దీని నిర్మాణాలు, అంటే ఏ అణువు ఎక్కడుందో చూపే త్రిమితీయ రూపాలు, చాలా జీవుల నుంచి తేలాయి. పైగా, నిర్మాణం చూసి చేసిన ఊహలను ఉత్పరివర్తనాలతో (కావాలని ఒక్కో అమైనో ఆమ్లాన్ని మార్చి) పరీక్షించిన పాత ప్రయోగాలు కూడా ఉన్నాయి. మా లెక్కలు సరిపోతున్నాయో లేదో సరిచూసుకోవడానికి ఒక గీటురాయి దొరికినట్టే.

జులై, రెండో వారం

జాబితా ఖరారైంది. కాస్త వివరంగా రాసుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి వాదనా దీని మీదే నిలబడుతుంది.

పైరోకాకస్ ఫ్యూరియోసస్: ఇటలీలోని వుల్కానో దీవి తీరంలో, అగ్నిపర్వతపు వేడికి కాగే సముద్రపు ఇసుకలో దొరికింది. 1986లో ఫియాలా, స్టెట్టర్ వర్ణించారు. 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, అక్కడ అరగంట దాటిన కొద్దిసేపటికే రెట్టింపవుతుంది. పీసీఆర్ (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతి) చేసే చాలా ల్యాబ్‌లలో ఫ్రీజర్ తెరిస్తే ఆ నకళ్లు తీసే దీని ఎంజైమ్, పాలిమరేజ్, కనబడుతుంది కనుక పేరు కొత్తదేమీ కాదు.

థెర్మోకాకస్ లిటోరాలిస్: నేపుల్స్ దగ్గరి తీరపు వేడి ఊటల జీవి. 88 డిగ్రీలు దానికి అనుకూలం. ఇది పైరోకాకస్‌కు దగ్గరి చుట్టం. మా పోలికకు ప్రాణం ఈ జతే.

థెర్మోటోగా మారిటిమా: ఇదీ 1986లోనే, వుల్కానో నుంచే. కానీ ఇది బ్యాక్టీరియా. 80 డిగ్రీల దగ్గర పెరుగుతుంది.

పైరోబాక్యులమ్ ఐలాండికమ్: ఐస్‌లాండ్ వేడినీటిది, 100 డిగ్రీలది. ఆర్కియానే అయినా పైరోకాకస్‌కు దూరపు శాఖ.

చల్లటి వైపు మొదట ఒక్కటే పెట్టాం: క్లాస్ట్రిడియమ్ సింబియోసమ్. మనిషి పేగుల్లో ఉండేది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు దీని నిర్మాణాన్ని ముందే సాధించారు కాబట్టి, 1995లో పైరోకాకస్ నిర్మాణం వచ్చినప్పుడు సహజంగానే దీనితో పోల్చారు. ఆ పోలికలో తేడా కళ్లు తిరిగేలా ఉంటుంది. క్లాస్ట్రిడియమ్ ఎంజైమ్ 52 డిగ్రీల దగ్గర 20 నిమిషాల్లో సగం చచ్చిపోతుంది. పైరోకాకస్‌ది 100 డిగ్రీల దగ్గర సగానికి పడిపోవడానికి పది గంటలకు పైనే పడుతుంది.

జులై, చివరి వారం

యూనిప్రాట్ డేటాబేస్ నుంచి సీక్వెన్స్‌లు తీసి మాఫ్ట్ అనే ప్రోగ్రాముతో అలైన్ చేశాం. అన్నిటికంటే ముందు చూసింది ఎంజైమ్ పని చేసే చోటు. క్లాస్ట్రిడియమ్ సంఖ్యల ప్రకారం 89, 113, 125 స్థానాల్లో లైసిన్, 165లో ఆస్పార్టేట్, 380లో సెరీన్. గ్లుటమేట్‌ను పట్టుకునేవి, చర్య జరిపేవి ఇవే. పేగు బ్యాక్టీరియా నుంచి మరిగే నీటి ఆర్కియా దాకా వీటికి ఎదురుగా వచ్చే నిలువు వరుసల్లో అక్షరం మారలేదు. పనిముట్టు అదే, చుట్టూ ఉన్న కట్టడమే వేరు.

వరుసలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత పత్రాల్లోని స్థాన సంఖ్యలూ డేటాబేస్‌లోని సంఖ్యలూ ఎప్పుడూ ఒకటే కావు. మొదటి మిథియోనిన్‌ను లెక్కలో కలిపారా లేదా అన్నదాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది. అందుకే పత్రంలో ఒక స్థానం ప్రస్తావన వచ్చినప్పుడల్లా, అక్కడ ఉండాల్సిన అమైనో ఆమ్లం మన ఫైలులోనూ అక్కడే ఉందా అని చూసుకున్నాకే ముందుకు వెళ్లాలని నియమం పెట్టుకున్నాం.

తర్వాత వంశవృక్షం గీశాం. అది తెర మీదికి రాగానే ఇద్దరిలో అమ్మాయి అడిగింది: "మేడమ్, థెర్మోటోగా బ్యాక్టీరియా కదా? మరి ఆర్కియా పక్కన కూర్చుందేమిటి? క్లాస్ట్రిడియమ్ ఎక్కడో దూరంగా పోయింది."

"వేడి వల్ల అయి ఉంటుందా?" అన్నాను, ఏమంటుందో చూద్దామని.

"అలా అయితే వేడికి అలవాటు పడని బ్యాక్టీరియా ఒకటి కూడా ఈ కొమ్మ మీద ఉండకూడదు మేడమ్. వెతుకుతాను."

సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగింది. సాయంత్రానికి బాసిల్లస్ సబ్‌టిలిస్ సీక్వెన్స్‌ను తెచ్చి చెట్టులో పెట్టింది. మట్టిలో ఉండే మామూలు బ్యాక్టీరియా. అది వచ్చి నేరుగా థెర్మోటోగా, ఆర్కియాల వైపు కూర్చుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఆరు ముక్కలు (సబ్‌యూనిట్లు) కలిసి కట్టుకునే గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్‌లు రెండు వేర్వేరు కుటుంబాలని, ఎప్పుడో ఒక జన్యువుకు రెండు నకళ్లు ఏర్పడడం వల్ల అవి పుట్టాయని 1993లోనే ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చెప్పారు. క్లాస్ట్రిడియమ్ ఒక కుటుంబం. ఆర్కియా, థెర్మోటోగా, బాసిల్లస్ మరొకటి.

దీని పర్యవసానం పెద్దది. పుస్తకాల్లో చోటు సంపాదించుకున్న పైరోకాకస్, క్లాస్ట్రిడియమ్ పోలికలో రెండు సంగతులు కలగలిసి ఉన్నాయి: ఉష్ణోగ్రత తేడా, కుటుంబం తేడా. ఆ పోలిక తప్పని కాదు. 1995 నాటికి చేతిలో ఉన్న నిర్మాణం అదే మరి. కానీ ఇప్పుడు బాసిల్లస్‌ను పక్కన పెట్టే వీలుంది. దాని నిర్మాణం కూడా ఉంది. అందుకని చల్లటి వైపు బాసిల్లస్‌నే ముఖ్యమైన సాక్షిగా పెట్టి, క్లాస్ట్రిడియమ్‌ను బయటి కొలమానంగా ఉంచాం. పైరోకాకస్‌లో ఉండి క్లాస్ట్రిడియమ్‌లో లేని లక్షణం బాసిల్లస్‌లో కనబడితే, దాన్ని వేడి జాబితా నుంచి కొట్టేయడమే. ఈ ఒక్క జల్లెడతోనే మా తొలి జాబితా బాగా చిక్కిపోయింది. అబ్బాయి ముఖం కూడా కాస్త చిక్కిపోయింది. ఆ జాబితాతో ఒక పోస్టర్ వేద్దామని అనుకున్నాడట.

ఆగస్టు, రెండో వారం

కూర్పు లెక్కలు. వీటి గురించి ఎక్కువ రాయను, కానీ పిల్లలకు నచ్చిన సూత్రం ఒకటుంది. ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్, ఆర్జినిన్, గ్లుటమేట్, ల్యూసిన్ అనే ఈ ఏడు అమైనో ఆమ్లాల వాటా ఒక జీవి మొత్తం ప్రోటీన్లలో ఎంతో చూస్తే, ఆ జీవి ఏ ఉష్ణోగ్రతలో పెరుగుతుందో చెప్పవచ్చు. 2007లో జెల్డోవిచ్, బెరెజోవ్‌స్కీ, షాక్‌నోవిచ్ 204 జీవుల మీద దీన్ని చూపారు. వాటాను 937తో హెచ్చించి 335 తీసేస్తే డిగ్రీలు వస్తాయి. వాటా 0.40 అయితే సుమారు 40 డిగ్రీలు, 0.46 అయితే 96.

దీన్ని మా ఒక్క ఎంజైమ్‌కు వేసి చూద్దామన్నారు. వేసేముందు కాగితం మీద లెక్క చేయమన్నాను. మన ఎంజైమ్ పొడవు సుమారు 420 అమైనో ఆమ్లాలు. అందులో ఒక్కటి మారితే వాటా 420లో ఒక వంతు మారుతుంది. 937ను 420తో భాగిస్తే 2.2. అంటే ఒక్క అక్షరం మారితే జవాబు రెండు డిగ్రీలకు పైగా జరుగుతుంది. ఐదు అక్షరాలు మారితే పదకొండు డిగ్రీలు. ఒకే జాతిలోని రెండు రకాల మధ్య కూడా ఐదు అక్షరాల తేడా ఉండవచ్చు. జీవి మొత్తం ప్రోటీన్లను కలిపినప్పుడు ఈ ఒడిదుడుకులు ఒకదానికొకటి చెల్లిపోతాయి కనుక అక్కడ సూత్రం నిలబడుతుంది. ఒక్క ప్రోటీన్ దగ్గర చెల్లడానికి ఏమీ ఉండదు. ఇక గ్రాఫు గీయాల్సిన పనే లేకపోయింది.

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో

నిర్మాణాల దగ్గరికి వచ్చాం. ఇక్కడ పని నెమ్మదించింది, ఆసక్తి పెరిగింది.

ఎంజైమ్ ఆరు సబ్‌యూనిట్ల కట్ట. మూడేసి చొప్పున రెండు అంతస్తులు. ప్రతి సబ్‌యూనిట్‌కూ రెండు భాగాలు, మధ్యలో లోతైన పగులు, ఆ పగుల్లోనే పని జరుగుతుంది. ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి దించే ఫైలులో అన్ని సబ్‌యూనిట్లూ ఉంటాయని అనుకోకూడదు. స్ఫటికంలో మళ్లీమళ్లీ వచ్చే కనీస భాగాన్ని మాత్రమే అందులో ఉంచుతారు, ఒక్కోసారి అది సగం ఎంజైమే. మనకు కావలసింది సబ్‌యూనిట్లు ఒకదానికొకటి ఆనుకునే చోటు కాబట్టి, జీవంలో ఉండే పూర్తి రూపం తాలూకు ఫైలునే తీసుకోవాలి. పైమాల్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఆరూ ఉన్నాయని కళ్లతో చూసుకున్నాకే స్క్రిప్టుకు అప్పగించాం.

స్క్రిప్టు చేసే పని చిన్నదే. ఆర్జినిన్, లైసిన్‌లాంటి ధనావేశపు చివరలకూ ఆస్పార్టేట్, గ్లుటమేట్‌లాంటి ఋణావేశపు చివరలకూ మధ్య దూరం 4 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒకటి అంటే మిల్లీమీటరులో కోటో వంతు) లోపు ఉంటే దాన్ని ఒక అయాన్ జతగా రాసుకుంటుంది. 1983లో బార్లో, థార్న్‌టన్ పెట్టిన హద్దు అది, ఇప్పటికీ అదే వాడుక. ఒక జతలోని సభ్యుడు ఇంకో జతలోనూ ఉంటే రెండింటినీ కలిపి ఒక వలగా కడుతుంది. బయోపైథాన్‌తో రాస్తే ఒక పేజీ కూడా దాటలేదు.

పైరోకాకస్ ఫైలు (ప్రోటీన్ డేటా బ్యాంకులో దాని గుర్తు 1జీటీఎం) మీద నడిపితే సబ్‌యూనిట్ల హద్దు దగ్గర 18 అమైనో ఆమ్లాల వల బయటపడింది. 1995 పత్రంలో ఉన్నది ఇదే. పిల్లలు దాన్ని రంగులతో తెర మీద తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు. నీలం, ఎరుపు, నీలం, ఎరుపు. ఒక సబ్‌యూనిట్‌లో మొదలై పక్కదానిలోకి దాటి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆర్జినిన్‌లు ఒక్కోటి ఒకేసారి రెండు మూడు ఋణావేశాలకు చేయందిస్తున్నాయి. ఆర్జినిన్ చివర వెడల్పుగా, పలకలా ఉంటుంది కనుక దానికి అది సాధ్యం. లైసిన్‌కు చివర ఒక్క నైట్రోజనే. వేడి జీవుల ప్రోటీన్లలో లైసిన్ కంటే ఆర్జినిన్‌కు గిరాకీ ఎందుకో ఈ బొమ్మ చూశాక వేరే చెప్పనక్కరలేకపోయింది.

ఆ తర్వాత అన్ని జీవుల అయాన్ జతలూ లెక్కపెట్టి పట్టిక వేస్తామన్నారు. ఒప్పుకోలేదు. కారణం స్పష్టత. పైరోకాకస్ నిర్మాణం 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో తేలింది (ఈ అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత స్పష్టం). థెర్మోటోగాది 3.0, పైరోబాక్యులమ్‌ది 2.9. మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ప్రోటీన్ వెన్నెముక చక్కగా కనబడుతుంది కానీ, పక్క గొలుసుల చివర్లు ఎటు తిరిగి ఉన్నాయన్నది చాలాచోట్ల నమూనా కట్టినవారి విచక్షణే. ఉపరితలం మీది లైసిన్‌లైతే మరీను. అలాంటి ఫైలులో 4 ఆంగ్‌స్ట్రామ్‌ల హద్దు పెట్టి, "ఇక్కడ ఇన్ని జతలు తక్కువ" అనడం అద్దాలు తుడవకుండా అక్షరాలు లెక్కపెట్టడమే. చివరికి ఒక రాజీ కుదిరింది. హద్దును 4 నుంచి 6 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా మెల్లగా పెంచుతూ ప్రతి నిర్మాణాన్నీ నడపాలి. హద్దు ఎక్కడ పెట్టినా జీవుల వరుస క్రమం మారకపోతేనే ఆ తేడాను రిపోర్టులోకి రానివ్వాలి. ఈ పద్ధతిలో కొన్ని తేడాలు నిలిచాయి, కొన్ని కరిగిపోయాయి. నిలిచినవాటిలో ముఖ్యమైనది, సబ్‌యూనిట్ల మధ్యనున్న వలల పరిమాణం. పోయినవాటిలో ముఖ్యమైనది, విడివిడి జతల మొత్తం సంఖ్య.

ఆల్ఫాఫోల్డ్ నమూనాలు (సీక్వెన్స్ చూసి కంప్యూటర్ ఊహించే నిర్మాణాలు) వాడవచ్చు కదా, స్పష్టత గొడవ ఉండదు అని అబ్బాయి అన్నాడు. వంశంలో నిర్మాణం ఇంకా తేలనివాటి ఖాళీలు నింపుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ ఒక పక్క గొలుసు అటు తిరిగిందా ఇటు తిరిగిందా అన్న ప్రశ్నకు ఊహించిన నమూనాను సాక్ష్యంగా తీసుకురావడం నాకు సమ్మతం కాదు.

సెప్టెంబరు, మూడో వారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే కాబట్టి నింపాదిగా రాస్తాను.

పైరోకాకస్, లిటోరాలిస్ ఎంజైమ్‌ల మధ్య పోలిక 87 శాతం. వంశం గొడవ దాదాపు లేదు. పెరిగే ఉష్ణోగ్రతల్లో తేడా పన్నెండు డిగ్రీలే. అయినా 104 డిగ్రీల దగ్గర పెట్టి చూస్తే పైరోకాకస్‌ది 16 రెట్లు గట్టిది. ఇంతకంటే శుభ్రమైన పోలిక దొరకడం కష్టం. లిటోరాలిస్ నిర్మాణం, 1బీవీయూ, మీద స్క్రిప్టు నడిపితే ఆ పెద్ద వల తెగి చిన్న ముక్కలుగా కనబడుతుంది. ఎక్కడ తెగింది?

రెండు నిర్మాణాలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, సబ్‌యూనిట్ల హద్దు వెంబడి ఒక్కో స్థానమే చూస్తూ వెళ్లాం. 138వ స్థానంలో పైరోకాకస్‌కు గ్లుటమేట్ ఉంది, లిటోరాలిస్‌కు ఆవేశం లేని థ్రియోనిన్. 167 దగ్గర వ్యవహారం తిరగబడింది. అక్కడ పైరోకాకస్‌కు థ్రియోనిన్, లిటోరాలిస్‌కు ఆస్పార్టేట్. అంటే ఋణావేశం ఒకచోట పోయి ఇంకోచోట తేలింది. మొత్తం ఆవేశం ఏమీ మారలేదు, నిలబడ్డ చోటే మారింది. ఆవేశమున్న అమైనో ఆమ్లాలను మొత్తంగా లెక్కపెట్టే పద్ధతికి ఇలాంటిది ఎన్నటికీ దొరకదు. అక్కడ ఒకటి తగ్గి ఇక్కడ ఒకటి పెరిగితే వాటా కదలదు కదా.

1998లో అమెరికాలో పనిచేసే ఫ్రాంక్ రాబ్ బృందం, షెఫీల్డ్ వాళ్లు కలిసి లిటోరాలిస్ ఎంజైమ్‌లో సరిగ్గా ఈ రెండు స్థానాలనే పైరోకాకస్‌లా మార్చి చూశారు. 138 ఒక్కటే మారిస్తే ఎంజైమ్ మరింత బలహీనపడింది. 167 ఒక్కటే మార్చినా అంతే. రెండూ కలిపి మార్చినప్పుడు 104 డిగ్రీల దగ్గర మన్నిక నాలుగు రెట్లు పెరిగింది. కావడిలో ఒకవైపు బరువు మాత్రమే మారిస్తే ఏమవుతుందో అదే జరిగింది. ఎంజైమ్ పని చేసే తీరులో మాత్రం మార్పు రాలేదు.

ఈ అంకెలను పిల్లలు చదివి ఊరుకున్నారు. నేను బోర్డు మీద రాశాను. రెండు ఎంజైమ్‌ల మధ్య ఖాళీ 16 రెట్లు, జంట మార్పు పూడ్చింది 4 రెట్లు. నాలుగోవంతే కదా అనిపిస్తుంది. కానీ ఇలాంటి చోట శక్తి లెక్క లాగరిథమ్‌లో నడుస్తుంది. 4ను 4తో హెచ్చిస్తే 16. అంటే శక్తి పరంగా ఖాళీలో సగం పూడింది. 87 శాతం పోలిక అంటే ఆ రెంటి మధ్య తేడా ఉన్న స్థానాలు యాభైకి పైనే. అందులో రెండే రెండు స్థానాలు, అవీ జంటగా అయితేనే, సగం ఖాళీ పూడ్చాయి. మిగతా యాభై కలిసి చేసిన పని మిగిలిన సగమే. అందులోనూ చాలా భాగం వేడితో ఏ సంబంధమూ లేనివే కావచ్చు. "మరి ఇన్నాళ్లూ మనం మొత్తం అన్నిటినీ ఎందుకు లెక్కపెట్టాం మేడమ్?" అన్నాడు అబ్బాయి. లెక్కపెట్టకపోతే ఈ రెండింటి విలువ తెలిసేది కాదు.

అసలు అయాన్ జతలు వేడిలో ఎందుకు పనికొస్తాయన్నది కూడా ఈ వారమే మాట్లాడుకున్నాం. ఆవేశమున్న చివర నీళ్లలో సుఖంగా ఉంటుంది, దాన్ని నీళ్ల నుంచి విడదీసి జత కట్టించాలంటే మూల్యం చెల్లించాలి. మామూలు ఉష్ణోగ్రతల్లో ఆ మూల్యం జత ఇచ్చే లాభాన్ని మింగేయవచ్చు. నీళ్లు వేడెక్కినకొద్దీ ఆవేశాలను ఆదరించే గుణం తగ్గుతుంది. నీటి పరావైద్యుత స్థిరాంకం 25 డిగ్రీల దగ్గర 78, 100 డిగ్రీల దగ్గర సుమారు 55. మూల్యం తగ్గుతుంది, లాభం మిగులుతుంది. ఎల్‌కాక్ అనే శాస్త్రవేత్త 1998లో ఇదే లెక్కగట్టి చూపాడు. అంటే మన ఉష్ణోగ్రతల దగ్గర దండగనిపించే కట్టడం అక్కడ గిట్టుబాటవుతుంది.

అక్టోబరు

థెర్మోటోగా. దీన్ని జాబితాలో పెట్టినందుకు సంతోషంగా ఉంది, ఎందుకంటే పై వారం రాసిన ఉత్సాహాన్ని ఇది కాస్త చల్లబరిచింది.

1997లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ నుంచి దీని నిర్మాణం వచ్చింది. సబ్‌యూనిట్ల మధ్య పైరోకాకస్‌లోలాంటి పెద్ద అయాన్ వలలు ఇందులో లేవు. ఆ హద్దు దగ్గర నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి గట్టిగా ఒదిగి ఉన్నాయి. మా స్క్రిప్టులోనూ, దూరపు హద్దు ఎంత పెంచినా, ఇదే కనబడింది. ఎనభై డిగ్రీల్లో బతకడానికి దీనికి వేరే దారి దొరికింది. అంటే "వేడి ఎంజైమ్‌లలో ఇది ఉంటుంది" అని ఒకే వాక్యంలో చెప్పాలనుకునేవాళ్లకు ఈ ఎంజైమ్ సహకరించదు.

మరి పైరోకాకస్ వలను తెచ్చి ఇందులో నాటితే? నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ బృందం ఆ పనీ చేసింది. రెండింటి మధ్య పోలిక 55 శాతమే కనుక ఇది లిటోరాలిస్ ప్రయోగం కంటే సాహసం. నాలుగు స్థానాల్లో కొత్త ఆవేశాలు పెట్టారు: 117, 128లలో ఆర్జినిన్, 158, 160లలో గ్లుటమేట్. నాలుగూ ఉన్న రూపాన్ని స్ఫటికంలో చూస్తే అనుకున్న జతలన్నీ ఏర్పడ్డాయి, 16 అమైనో ఆమ్లాల వల తయారైంది. బొమ్మ ప్రకారం చూస్తే పూర్తి విజయం. మన్నిక కొలిస్తే కథ వేరు. ఒక్కో మార్పూ విడిగా నష్టమే చేసింది. కలిపినప్పుడు చాలావరకు నష్టం పూడింది. మంచి ఫలితం మూడు మార్పులున్న రూపానిది: 85 డిగ్రీల దగ్గర సగానికి పడిపోయే సమయం 30 నిమిషాలు పెరిగింది, పని చేసే అనుకూల ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పెరిగింది, కరిగే ఉష్ణోగ్రత (ప్రోటీన్ మడతలు విడిపోయే వేడి) అర డిగ్రీ.

అర డిగ్రీ! అంత పెద్ద వల నాటితే వచ్చింది అంతే. ఆ పత్రం దీన్ని అయాన్ వలల సిద్ధాంతానికి సమర్థనగానే చెప్పింది, సాంకేతికంగా అది సబబే. నాకు మాత్రం ఇందులో కనబడేది చుట్టుపక్కల పాత్ర. పైరోకాకస్‌లో ఆ 18 అమైనో ఆమ్లాలూ ఒకదానికొకటి అలవాటుపడి తయారయ్యాయి. థెర్మోటోగా హద్దు వేరే పద్ధతిలో సర్దుకుని ఉంది, అందులోకి వచ్చిన ఆవేశాలు అతిథులే. దగ్గరి చుట్టాల మధ్య రెండు మార్పులు చేసిన పనిని, దూరపు చుట్టాల మధ్య నాలుగు మార్పులు చేయలేకపోయాయి. వంశం దూరమైనకొద్దీ పోలికలో వేడితో సంబంధం లేని తేడాలు పెరుగుతాయన్నది జూన్‌లో నేను నమ్మకంగా చెప్పిన మాటే. దానికి ఇంత చక్కటి ప్రయోగపు రుజువు దొరుకుతుందని అప్పుడు తెలియదు.

పైరోబాక్యులమ్ మీద పని సగంలో ఉంది. దాని గురించి ఇప్పుడే ఏమీ అనను.

నవంబరు

కంప్యూటర్ పని రిపోర్టుకు సరిపోతుంది. కానీ లిటోరాలిస్ జంట మార్పును మా బల్ల మీద మళ్లీ చేసి చూడాలని ఇద్దరూ పట్టుబట్టారు. సన్నాహాలు ఇవి.

జన్యువులను ఈ.కొలైకి (ప్రోటీన్లు తయారు చేయించుకోవడానికి ల్యాబుల్లో వాడే బ్యాక్టీరియా) అనువుగా కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుర్తులు) మార్చి రాయించాలి. ఈ ఆర్కియాలు ఆర్జినిన్‌కు ఏజీఏ, ఏజీజీ కోడాన్లు విరివిగా వాడతాయి, ఈ.కొలైలో అవి అరుదు. పైగా మన ఎంజైమ్‌లో ముఖ్యమైనదే ఆర్జినిన్.

శుద్ధి తేలిక. కణాలు పగలగొట్టిన ద్రవాన్ని 80 డిగ్రీల నీళ్లలో ఉంచితే ఈ.కొలై ప్రోటీన్లు విరిగిన పాలలా గడ్డకడతాయి, సెంట్రిఫ్యూజ్ చేస్తే మనకు కావలసింది పైన మిగులుతుంది. ఈ వేడి దశకు ఇంకో లాభం ఉంది. పైరోకాకస్ ఎంజైమ్‌ను ఈ.కొలైలో తయారు చేయించినప్పుడు కొంత భాగం ఆరు ముక్కలుగా కట్టుకోకుండా విడివిడిగా, పనిచేయకుండా ఉండిపోతుందని, వేడి చేస్తే అవీ చేరి పనిలోకి వస్తాయని 1995లోనే చూపారు. 37 డిగ్రీలు దానికి మరీ చలి. లిటోరాలిస్‌దీ అలాగే ప్రవర్తిస్తుందేమో మొదట జెల్ మీద చూడాలి.

పని కొలవడం మామూలే: 340 నానోమీటర్ల కాంతి దగ్గర ఎన్‌ఏడీపీహెచ్ (ఎంజైమ్ చర్యలో ఎన్‌ఏడీపీ నుంచి తయారయ్యే సహాయక అణువు) పెరుగుదల. బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) విషయంలో జాగ్రత్త అవసరం. అలవాటుగా వాడే ట్రిస్ ఒక్కో డిగ్రీకి 0.028 చొప్పున పీహెచ్ జారుతుంది. 25 దగ్గర సరిచేసి 85కు తీసుకెళితే దాదాపు 1.7 తగ్గిపోతుంది. కనుక ఫాస్ఫేట్ వాడి, పీహెచ్‌ను పని చేసే వేడి దగ్గరే సరిచేయాలి. ఎన్‌ఏడీపీ, ఎన్‌ఏడీపీహెచ్ రెండూ వేడికి నిలిచేవి కావు, అందుకే ఎంజైమ్ లేని గొట్టాన్ని ప్రతిసారీ పక్కనే నడపాలి, కొలత త్వరగా ముగించాలి.

పెద్ద తలనొప్పి 104 డిగ్రీలు. వాటర్‌బాత్‌లో అది అసాధ్యం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కనుక ఇక్కడ నీళ్లు సుమారు 98 దగ్గరే మరిగిపోతాయి. సిలికోన్ నూనె స్నానం పెట్టి, ఎంజైమ్ ద్రావణాన్ని సన్నటి గాజు గొట్టాల్లో నింపి రెండు చివర్లూ మంట మీద అతికించి ముంచాలి. అతుకు సరిగా లేకపోతే లోపలిది ఉబికి బయటికి వస్తుంది. అబ్బాయి ఉత్త బఫర్‌తో గొట్టాలు అతికించడం సాధన చేస్తున్నాడు, చేయి కుదురుతోంది. అమ్మాయి నూనె స్నానంలో మూలమూలకూ థర్మామీటర్ పెట్టి వేడి సమంగా ఉందో లేదో రాసుకుంటోంది. అంచుల దగ్గర కాస్త తక్కువ చూపుతోంది కనుక గొట్టాలకు మధ్యలోనే తొట్టి కట్టాలి.

జన్యువుల ఆర్డరు వెళ్లింది: లిటోరాలిస్ మూల రూపం, 138 ఒక్కటి మారినది, 167 ఒక్కటి మారినది, రెండూ మారినది. పైరోకాకస్ మూల రూపం కూడా కావాలన్నాను, 16 రెట్ల తేడా మా నూనె స్నానంలోనూ వస్తుందో లేదో తెలియకుండా 4 రెట్ల గురించి మాట్లాడలేం. బడ్జెట్‌లో ఐదోదానికి చోటు లేదు. పైరోబాక్యులమ్‌కు ఉంచిన డబ్బును దానికి మళ్లించాను.